గ్లిజరిన్

రెండు కప్పుల మొక్కజొన్న పాకం, ఎర్ర రంగు,
చివర్లో ఒక్క చెంచా కోకో పొడి.
ఇరవై రెండేళ్లుగా నెత్తురు వండుతున్నాను.
తెల్ల చర్మం మీద ఒక్క చుక్క చాలు
కెమెరా ఉలిక్కిపడుతుంది.
థర్మన్ మెడ మీద మాత్రం
ఎంత పోసినా చెమటలాగే కనిపించేది.
"ఇంకా ఎర్రగా, వెర్లీన్, ఇంకా ఎర్రగా" అనేవాళ్లు.
లైటు పెంచమని ఎవరూ అనేవాళ్లు కాదు.

థర్మన్ నా చేతుల మీదుగా పదకొండుసార్లు చచ్చాడు,
దాదాపు ప్రతిసారీ ఇరవయ్యో నిమిషంలోపే.
నేలమాళిగలో ఆ చప్పుడేమిటో చూసొస్తానని దిగి ఒకసారి,
పేరైనా పెట్టని పాత్రలో, చేపల పడవ మీద ఒకసారి.
మధ్యాహ్నం భోజనాల లోపు చస్తే
సాయంత్రం కూతురి బాస్కెట్‌బాల్ ఆటకి అందుకోవచ్చని నవ్వేవాడు.
ఆ పిల్ల అతని సినిమా ఒక్కటీ చివరిదాకా చూడలేదు.
నాన్న అయిపోయాక ఇంకేముంది అంటుందట.

ఈసారి హడ్సన్ నది పక్కన పాత రాతి ఇల్లు.
దర్శకుడు గారెట్ లిండ్‌క్విస్ట్. మంచివాడు.
వెటకారంగా అనడం లేదు,
అదే ఇబ్బంది.
మొదటిరోజే అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టాడు.
"ఈ కథలో దెయ్యం లేదు. మనమే దెయ్యాలం.
అంటే, మేము" అన్నాడు. గొంతు పూడుకుపోయింది.
వాకిట్లో అందరికీ స్వాగతమని బోర్డు.
అది ఆ ఇంటివాళ్లదే, సెట్ వాళ్లు పెట్టింది కాదు.
దాని వెనక మెట్టుకొకటి గుమ్మడికాయ.
ఎవరూ ఎవర్నీ దొంగ అనలేదు.
అయినా ఒక్కొక్కరే
భుజాలు తడుముకోవడం మొదలుపెట్టారు.
ఒకడు ముత్తాత పత్తి పొలం గురించి.
ఒకావిడ ఇల్లు మారిన వీధి గురించి, ఎందుకు మారారో
అమ్మ ఎప్పుడూ చెప్పలేదట.
ఇంకొకావిడ తనను పెంచిన ఆయా గురించి,
ఆయా ఇంటిపేరు గుర్తు రావడం లేదని వెక్కి వెక్కి.
థర్మన్ లేచి కాగితం రుమాళ్ల డబ్బా అందించాడు.
నావైపు చూడలేదు.

"నిన్ను చంపడం లేదు ఈసారి"
పుట్టినరోజు కానుక విప్పి చూపిస్తున్నట్టు చెప్పాడు గారెట్.
నెత్తురు సీసా పెట్టెలోనే ఉండిపోయింది.
ముప్ఫైనాలుగు రోజులూ నా పని గ్లిజరిన్:
మేరెన్ కంటి కొనలో ఒక చుక్క,
చెంప ఎముక మీద ఆగేలా ఇంకో చుక్క.
తాత గోడలో దాచిన చిట్టాలో
మనుషుల పేర్లు, పక్కన ధరలు చదివి
ఆ అమ్మాయి ఏడవాలి.
కెమెరా దగ్గరకొచ్చి, ఇంకా దగ్గరకొచ్చి,
ఫ్రేము అంచున థర్మన్.
థర్మన్ కాదు, థర్మన్ భుజం.

తొమ్మిదో టేకు తర్వాత మెల్లగా అడిగాడు:
"ఆమె ఏడుస్తున్నప్పుడు నేనేం చేస్తుంటాను?"
"క్షమిస్తుంటావు."
"ఆ చిట్టాలో నా వాళ్లెవరైనా ఉన్నారా?"
గారెట్ స్క్రిప్టు తిరగేశాడు.
నిజంగానే వెతికాడు పాపం, పేజీ వెనక పేజీ.
అందరం నిలబడే ఉన్నాం.
పైన విమానం వెళ్తోంది, సౌండ్ అతను ఆగమన్నాడు.
తర్వాత పదో టేకు.

వ్యాన్‌లో అతని చొక్కా మార్చాను.
కుడి భుజమంతా జిగట. గ్లిజరిన్ తొందరగా ఆరదు.
"అప్పుడే నయం" అన్నాడు,
"చచ్చాక ఇంటికి పంపేసేవాళ్లు."

ఆఖరి రాత్రి లైట్ల బండి వెనక్కొస్తూ
కింది మెట్టు దగ్గర గుమ్మడికాయని తొక్కేసింది.
గింజలు బోర్డు దాకా చిమ్మాయి.
అలా అయిపోయింది షూటింగు.
మేరెన్ నన్ను కౌగిలించుకుని చాలాసేపు వదల్లేదు,
తన కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి,
అలిసిపోయింది పిల్ల.

ఇంటికొచ్చి, పులిసిన నెత్తురు సింకులో ఒంపాను.
తెల్ల పింగాణీ.
వంటింట్లో ఉన్నది నలభై వాట్ల బల్బు,
అయినా ఎంత స్పష్టంగా కనిపించిందో.